ఆ తల్లి తలుపు తట్టిందా?

మా తమ్ముడి కూతురు హాస్టల్ నుంచి సెలవులకి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ముందు గదిలో దివాన్ మీద బోర్లా పడుకుని ఫోన్లో ఎవరితోనో ఒకటే పోట్లాట. మొన్న మధ్యాహ్నం నేను బెండకాయలు తరుగుతూ వింటున్నాను. "అదెలా కుదురుతుందే? అన్ని సీజన్లు వాడి మొహం చూడనన్న మనిషి చివరి ఎపిసోడ్‌లో ఒక్కసారి కావలించుకుంటే అయిపోయిందా? మనమేమన్నా పిచ్చోళ్ళమా?" అంటోంది. ఎవరింట్లో ఏం గొడవ జరిగిందోనని కత్తిపీట పక్కకి జరిపి వెళ్ళాను. "ఎవరే? ఎవరు ఎవర్ని కావలించుకున్నారు?" అన్నాను. "అబ్బ, సీరీస్ అత్తా. అంతరిక్షంలో జరుగుతుంది, సైన్స్ ఫిక్షన్. అది నేను పుట్టకముందు నుంచీ వస్తోంది. నీకు అర్థం కాదులే" అని మళ్ళీ ఫోన్లో పడిపోయింది.

నాకు అర్థం కాదట! నవ్వుకుంటూ వచ్చి కత్తిపీట ముందు కూర్చున్నాను గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. క్షమించొచ్చా కూడదా అని లేని మనుషుల గురించి గొంతులు చించుకోవడం నాకు తెలియనిదేం కాదు. దానివల్ల ఉన్న మనిషికి నేనేం చేశానో కూడా నాకు బాగా తెలుసు. ఆ సాయంత్రం కూరలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తులేదు. పిల్లే లేచొచ్చి వేసుకుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను రేపల్లె నుంచి తెనాలికి రోజూ పాసింజర్లో వెళ్ళి ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. సీజన్ టికెట్ల వాళ్ళకి రైల్లో ఎవరి చోటు వాళ్ళకి ఉంటుంది. టికెట్ మీద సీటు నంబరు రాసుండదు, అయినా పొరపాటున కొత్తవాళ్ళు కూర్చుంటే మనం పక్కన నిలబడి వాళ్ళని ఒక చూపు చూస్తే చాలు, లేచిపోతారు. మా చోటు వెనక నుంచి రెండో పెట్టెలో, కుళాయి ఉన్న వైపు. కుళాయిలో నీళ్ళు ఎన్నడూ వచ్చేవి కావు. అక్కడ మేం నలుగురం. నేను, తెనాలి ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకావిడ, భట్టిప్రోలులో ఎక్కే ఫిజిక్సు మాస్టారు, ఆపా. నర్సమ్మా నేనూ ఎక్కడో తవ్వి వరస కలుపుకుని ఒకళ్ళనొకళ్ళం వదినా అనుకునేవాళ్ళం. ఆపాకి తెనాలిలో బోసురోడ్డు వెనక సందులో చీరలకి ఫాల్స్ కుట్టి జిగ్‌జాగ్ వేసే చిన్న కొట్టు ఉండేది. ఆపా అంటే ఉర్దూలో అక్క, అయినా ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా ఆవిణ్ణి ఆపా అనే పిలిచేవాళ్ళు. చామనఛాయ, బుగ్గన సొట్ట, ఎప్పుడూ చీర కొంగుకి గుచ్చుకున్న సూది. ఆ సూదికి ఏ రోజు ఏ రంగు దారం ఉంటే ఆ రోజు ఆ రంగు చీరల బేరం ఎక్కువన్నమాట.

మమ్మల్ని నలుగుర్నీ కలిపింది ఒక సీరియల్. ఒక వారపత్రికలో ఏళ్ళ తరబడి వచ్చింది. దానికి నోరు తిరగని పేరొకటి ఉంది గానీ మా పెట్టెలో దాన్ని నౌక సీరియల్ అనేవాళ్ళం. భూమి పాడైపోతే కొంతమంది పెద్ద నౌకలో వేరే గ్రహం వెతుక్కుంటూ బయల్దేరతారు. అందులో ఒక తల్లి, ఇంజనీరు కూతురు, ఇంకా మీసాలు రాని కొడుకు. ఒకనాడు నౌకకి ఒక పక్క చిల్లుపడి గాలంతా పోతుంటుంది. మిగతా జనాన్ని కాపాడ్డానికి కూతురు ఆ పక్క తలుపు మూసేస్తుంది. తమ్ముడు తలుపుకి అవతల ఉండిపోతాడు. ఆ రోజు నుంచి తల్లి కూతురితో మాట్లాడదు. ఆ తర్వాత వాళ్ళు ఎన్ని గ్రహాలు దాటారో, ఎన్ని వింతజీవుల పాలబడ్డారో చెప్పలేను. రచయితగారు పాపం చాలా కష్టపడి రెండు తలల జీవుల్నీ, మాట్లాడే రాళ్ళనీ దింపారు. మాకు మాత్రం ఒకటే ప్రశ్న. తల్లి కూతురితో మాట్లాడుతుందా, మాట్లాడదా? ఇంట్లో మాటలు మానేసిన అత్తాకోడళ్ళని చూసినవాళ్ళకి రెండు తలల జీవి ఒక లెక్కా?

పత్రిక గురువారం పొద్దున రేపల్లె స్టేషన్ దుకాణానికి వచ్చేది. మేం పెట్టుకున్న కట్టుబాటు ఏంటంటే, ఎవరూ ముందుగా చదవకూడదు. పత్రిక కొన్నవాళ్ళు పేజీ కూడా తిప్పకుండా తెచ్చి నా చేతిలో పెట్టాలి. భట్టిప్రోలులో మాస్టారు ఎక్కాక మొదలుపెట్టి, వేమూరు వచ్చేసరికి నేను పైకి చదివి ముగించాలి. వేమూరు నుంచి తెనాలి దాకా చర్చ. ఆ తర్వాత పత్రిక ముందు మాస్టారింటికి, అక్కణ్ణించి వదిన ఇంటికి వెళ్ళి, చివరికి నా దగ్గరికి చేరేది. పైకి చదవడం ఎందుకంటే ఆపాకి తెలుగు అక్షరాలు రావు. ఉర్దూ ముత్యాల్లా రాసేది, ఖురాను చదివేది, తెలుగు మాట్లాడితే మా స్కూలు పిల్లలు సిగ్గుపడాలి. కానీ చిన్నప్పుడు ఆవిణ్ణి నానమ్మ దగ్గర ఉర్దూకి కూర్చోబెట్టారు, వాళ్ళక్కని తెలుగు బళ్ళో వేశారు. అంతే తేడా. కాబట్టి మా నలుగురి చదువూ నా నోటి మీదే నడిచేది. నా గొంతు బావుంటుందని అందరూ అనేవాళ్ళు. నేనూ అనుకునేదాన్ని. తల్లికొక గొంతు, కూతురికొక గొంతు, రాళ్ళకొక గొంతు పెట్టి చదివేదాన్ని. శనగలమ్మే ఆయన కూడా బుట్ట దించి నిలబడేవాడు. బళ్ళో మాత్రం, పాఠం చదివేటప్పుడు సొంతమాట ఒక్కటి కలిపినా పిల్లల చెవి మెలేసేదాన్ని. ఉన్నది ఉన్నట్టు చదవరా అని.

చర్చ అంటే మామూలు చర్చ కాదు. అసలు మాస్టారికి ఆ కథలో సైన్సే నచ్చేది కాదు. "గాలి లేని చోట ఢామ్మని ఎలా పేలుతుందండీ? చప్పుడే ఉండదు" అని మొదలుపెట్టేవారు. "మాస్టారూ, మీరు చప్పుడు చెయ్యకండి ముందు" అనేది వదిన. తల్లి మాట్లాడాలని వదినా నేనూ ఒక పక్షం. తలుపు మూయడం లెక్కప్రకారం సరైన పనే కాబట్టి క్షమించడానికసలు ఏమీ లేదని మాస్టారి పక్షం. ఆపా ఒక్కతే మా ముగ్గురికీ ఎదురు. "బతికినోళ్ళంతా లెక్కకొచ్చారు మాస్టారూ. బానే ఉంది. అవతల నిలబడ్డోడి మాటేంటి? ఒక్క క్షణం ఆగితే వచ్చేవాడు గదా. ఆగలేదు. ఆ తల్లి ఎందుకు మాట్లాడాలి? మాట్లాడకూడదు" అనేది. ఆ మాట అనేటప్పుడు బుగ్గన సొట్ట కనబడేది కాదు. ఒకసారి చినరావూరులో క్రాసింగ్ కోసం రైలు చాలాసేపు ఆగిపోతే, వాదన ముదిరి పక్క పెట్టెవాళ్ళు మా ఇళ్ళలో ఆస్తి తగాదా అనుకుని సర్దిచెప్పడానికి వచ్చారు.

ఆపా ఎందుకంత పట్టుబట్టేదో మాకు చాలా రోజులకి గానీ తెలియలేదు. వాళ్ళమ్మ బాపట్లలో అక్క దగ్గర ఉండేది. ఒకనాడు పొద్దున్నే పోయింది. రేపల్లెలో పక్కింటికి ఫోన్ చేసి చెప్పారు. ఆపా అప్పటికే తెనాలి కొట్టుకి వచ్చేసింది. కబురు ఆవిడకి చేరేసరికి మధ్యాహ్నమైంది. దొరికిన బస్సల్లా పట్టుకుని బాపట్ల చేరేసరికి జనాజా లేచిపోయింది, శవాన్ని తీసుకెళ్ళిపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. ఇల్లు కడిగేసి ఉంది, తడి ఇంకా ఆరలేదు. "ఆలస్యం చెయ్యకూడదని పెద్దోళ్ళు అన్నారంట. అంటారు, అది పద్ధతే. కానీ మా అక్క ఒక్క మాట, ఆగండి చెల్లెలు వస్తా ఉంది అనుంటే కాసేపు ఆగేవాళ్ళు. అది నోరు తెరవలేదు" అంది ఆపా. ఆ రోజు నుంచి అక్కతో మాటల్లేవు. అమ్మ మొహం ఆఖరిసారి చూడలేదన్నది ఆవిడ గుండెలో అలాగే ఉండిపోయింది. అది విన్నాక కొన్ని గురువారాలు మేం ముగ్గురం కూతురి పక్షాన మాట్లాడ్డానికి నోరు రాక శనగలు తింటూ కూర్చున్నాం.

సీరియల్ చివరికొచ్చింది. వచ్చేవారం ముగింపు అని పెద్దక్షరాల్లో వేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కకి షుగరు ముదిరి కాలి వేలు తీసేశారని, ఒకసారి చెల్లెల్ని రమ్మందని, అక్క కొడుకు తెనాలి కొట్టుకొచ్చి చెప్పి వెళ్ళాడు. ఆపా ఆ సంగతి మాతో మామూలుగా చెప్పింది, మిషన్ బెల్టు తెగిందని చెప్పినట్టు. వదిన ఊరుకోలేకపోయింది. "వెళ్ళండి ఆపా. షుగరు మనిషి, ఎప్పుడెలా ఉంటుందో నేను రోజూ చూస్తున్నాను" అంది. నేనూ అందుకున్నాను. మాటా మాటా పెరిగి, అక్క నుంచి నౌకలోకి, నౌక నుంచి అక్క దగ్గరికి తిరిగి తిరిగి వచ్చింది. చివరికి విసుగొచ్చి ఆపా టిఫిన్ బాక్సు మూత ఠక్కున వేసి, "సరే పొండి. ఆ తల్లి మాట్లాడితే నేనూ మాట్లాడతాను. వచ్చే గురువారం చూద్దాం" అంది. మాస్టారు నవ్వారు. వదిన నవ్వింది. ఆపా నవ్వలేదు. ఆవిడ ఒక మాటంటే అన్నట్టే. చీర సాయంత్రానికి ఇస్తానంటే కరెంటు పోయినా చేత్తో కుట్టి ఇచ్చే మనిషి.

ఆ వారమంతా నాకు బళ్ళో మనసు నిలవలేదు. ఎక్కడో హైదరాబాదులో కూర్చుని రాసే ఆ పెద్దమనిషి చేతిలో ఆపా అక్క బతుకుందని అనిపించేది. అలా అనుకోవడం వెర్రేనని తెలుసు. అయినా దణ్ణం పెట్టుకునేటప్పుడు, స్వామీ, ఆ తల్లి చేత మాట్లాడించు అని మొక్కాను. కథలో మనిషి కోసం దేవుడికి మొక్కినదాన్ని నేనొక్కదాన్నే అయుంటాను.

గురువారం వచ్చింది. పత్రిక ఆపాయే కొనింది, ఆ వారం ఆవిడ వంతు. నా చేతిలో పెట్టి, కిటికీ పక్కన సర్దుకుని, కొంగున సూది తీసి మళ్ళీ గుచ్చుకుంది. పైకి చదివేవాళ్ళకి ఒక అలవాటుంటుంది. నోరు ఒక వాక్యం మీద ఉంటే కన్ను తర్వాతి వాక్యం మీద ఉంటుంది. లేకపోతే గొంతు ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో తెలియదు. ఆఖరి పేజీ. నౌక దిగే చోటు కనిపించింది. అందరూ సంబరాల్లో ఉన్నారు. తల్లి ఒక్కతే నడుచుకుంటూ కూతురి గది ముందుకి వెళ్ళింది. చెయ్యి ఎత్తింది. అక్కడిదాకా చదివాను. తర్వాతి వాక్యం నా కంటికి ముందే కనబడింది. ఎత్తిన చెయ్యి దించుకుని ఆమె వచ్చిన దారినే వెనక్కి నడిచింది అని ఉంది. దాని కింద సమాప్తం అని ఉంది.

ఆపా నా మొహంలోకే చూస్తోంది. ఆవిడ ఏం వినాలనుకుంటోందో అప్పుడు నాకు అర్థమైందనుకున్నాను. ఇన్నేళ్ళు మాట్లాడకూడదని వాదించిన మనిషి, మాట్లాడింది అని ఎవరైనా చెబితే బావుణ్ణని చూస్తున్నట్టు అనిపించింది. లేక అది కూడా నేనే కల్పించుకున్నానేమో! నా నోరు ఆగలేదు. "ఎత్తిన చేత్తో తలుపు తట్టింది. లోపల అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుంది. ఏమే, అన్నం తిన్నావా, అంది తల్లి" అని చదివేశాను. సమాప్తం అన్నాను. తల్లి గొంతు పెట్టి మరీ చదివాను.

ఆపా చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత మెల్లిగా, "అంతేనా? అన్నం తిన్నావా అని అడిగిందా?" అంది. అవునన్నాను. "మంచి తల్లి. నేనైతే అడగను" అని, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ రోజు పత్రికని మాస్టారికి ఇవ్వకుండా నా సంచిలో పెట్టేసుకున్నాను. ఆయన చెయ్యి చాపి, నా మొహం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆయన ఊరుకుంటారా? తెనాలిలో దిగి సొంతంగా ఒక కాపీ కొన్నారు. మర్నాడు ఆయన ఎక్కగానే నేను సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను. ఆయన కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆపా వినకుండా, "అది ఉక్కు తలుపమ్మా. తట్టినా లోపలికి వినపడదు" అన్నారు. అంతకు మించి ఇంకేమీ అనలేదు. వదినకీ ఆ సాయంత్రానికే తెలిసింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని నన్ను తిట్టింది గానీ, తనూ నోరు మెదపలేదు.

ఆదివారం ఆపా బాపట్ల వెళ్ళింది. సోమవారం రైల్లో బుగ్గన సొట్ట చూసేసరికే మాకు సంగతి అర్థమైంది. అక్క గుమ్మంలోనే కూర్చునుందట, కాలికి కట్టుతో. ఆపాయే ముందు, అన్నం తిన్నావా అని అడిగిందట. ఇంక అక్కడ్నుంచీ ఏడుపులే. ఆ మాట చెబుతున్నప్పుడు ఆపా నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతివేళ్ళ చివర్లు సూదిపోట్లతో గరుకుగా ఉండేవి. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. అంత పెద్ద రచయిత రాయలేని ముగింపు నేను రాశాననుకున్నాను. ఒక్క వాక్యంతో ఒక ఇల్లు నిలబెట్టాననుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ వారమంతా బళ్ళో పిల్లల మీద కూడా కేకలెయ్యలేదు.

తర్వాత ప్రతి ఆదివారం ఆపా బాపట్లకి వెళ్ళొచ్చేది. ఒకసారి అక్క పంపిందని మాకందరికీ సేమియా కూడా తెచ్చింది. కొన్ని వారాలు గడిచాయి. ఒక సోమవారం ఆవిడ ఎక్కి, నా పక్కన కాకుండా ఎదుటి బల్ల మీద కూర్చుంది. నేను జరిగి చోటిచ్చినా చూడనట్టు ఉంది. రైలు పల్లికోన దాటాక అంది.

"టీచరుగారూ, ఆ తల్లి తలుపు తట్టలేదంట గదండీ."

అప్పటిదాకా నన్నెప్పుడూ అమ్మాయ్ అనే పిలిచిన మనిషి. వాళ్ళక్క కూడా నౌక సీరియల్ మొదటి నుంచీ చదువుతోందట. ఆ సంగతి అక్కాచెల్లెళ్ళకి అంతదాకా ఒకళ్ళది ఒకళ్ళకి తెలియదు, మాటల్లేవు కదా. ఆదివారం కబుర్లలో అక్కే అందట, "ఆఖరికి కథలో ఆవిడే తట్టకుండా ఎల్లిపోయింది. ఇంక నువ్వేం వస్తావులే అనుకున్నా" అని. ఆపా నవ్వి, తట్టింది కదే అందట. లేదు అంది అక్క. ఉంది అంది చెల్లెలు. కొత్తగా కలిసిన ఇద్దరూ గొంతులు పెంచి వాదించుకున్నారట. "మా అమ్మాయి అబద్ధం చదవదు. తెలుగు టీచరు అది. నువ్వే సరిగా చదవలేదు అన్నానండి" అంది ఆపా. అప్పుడు అక్క మనవరాలిని పిలిచి, దాచిన పత్రిక తీయించి, పైకి చదివించిందట. ఆపా ఆ పిల్ల చేత రెండోసారి కూడా చదివించిందట.

వదిన కిటికీ వైపు తిరిగింది. "మీరు వెళ్ళాలని, మీ అక్కయ్య కోసమని..." అని ఏదో గొణిగాను. ఆపా నన్ను పూర్తిచెయ్యనిచ్చింది. అది ఇంకా కష్టంగా ఉంది. తర్వాత అంది, "నేను ఎల్లాలని ఉంటే, ఎల్లు ఆపా అని చెప్పొచ్చు గదండీ. మీ మాటగా ఇంకోసారి గట్టిగా చెప్తే ఎల్లకపోదునా? పుస్తకంలో ఉందని చెప్పడం దేనికి?"

నా మాటకంటే అచ్చులో మాటకి విలువెక్కువని నేనే అనుకున్నానేమో! ఆవిడకి చదవడం రాదు కాబట్టి పట్టుబడననీ అనుకుని ఉంటాను. ఆ మాట పైకి అనుకోలేదు గానీ లోపల ఉంది, లేకపోతే అంత ధైర్యం ఎలా వస్తుంది? ఆపా ఇంకా వదల్లేదు. మెల్లిగానే అడిగింది, "మరి ముందు చదివినయ్యి? ఆ పిల్లోడు అవతల్నుంచి అమ్మా అని పిలిచాడని చదివారు. ఆ రోజు నేను కొట్టుకెళ్ళి కూడా ఏడ్చాను. అది ఉందాండీ? అది కూడా మీరేనా?"

"ఉంది ఆపా. ఒట్టు" అన్నాను వెంటనే.

"ఉందంటారు" అంది ఆపా. భట్టిప్రోలులో మాస్టారు ఎక్కి, మా మొహాలు చూసి, పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పాత పత్రికలన్నీ మంచం మీద పోశాను. ఆ వారంది దొరకలేదు. తర్వాత అడిగితే మాస్టారింట్లో లేదు, వదిన ఇంట్లో లేదు, పాత పేపర్ల వాడికి ఎప్పుడో వేసేసి ఉంటారు. వెతుకుతున్నకొద్దీ నా భయం పెరిగింది. ఎందుకంటే ఆ భాగం నాకు గుర్తే లేదు. నేను చదువుతుంటే ఆ పిల్లవాడు అమ్మా అన్నట్టు నా చెవిలో ఉంది. నా గొంతే చెవిలో ఉంది. ఆ అక్షరాలు పేజీ మీద చూసిన గుర్తు మాత్రం లేదు. నేను పేజీలు పేజీలు అబద్ధం చదివిన మనిషిని కాదు. కానీ రైలు తొందరపడుతుంటే రాళ్ళ సంభాషణలు కొన్ని మింగేదాన్ని. వింటున్నవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఒక మాట సాగదీసేదాన్ని. అలా సాగదీసిన చోట నాకు తెలియకుండానే ఆ పిల్లవాడి నోట ఒక మాట పెట్టానా? తెలియదు. తెలియకుండానే ఒట్టు కూడా పెట్టేశాను.

ఆపా మాతో మాటలు మానలేదు. అలా మాని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. అదే చోట కూర్చునేది, తెచ్చిన ఖర్జూరాలు నాకూ పెట్టేది. పత్రికలో కొత్త సీరియల్ మొదలైంది. చదవడం వదిన తీసుకుంది. వదిన గొంతులు మార్చదు, మందుల చీటీ చదివినట్టు చదువుతుంది. ఏదైనా గట్టి మాట వచ్చినప్పుడు ఆపా చెయ్యెత్తి ఆపి, పక్కనున్న మాస్టారి వైపు తిరిగి, "అలాగే ఉందాండీ?" అని అడిగేది. ఆయన పేజీ మీదికి వంగి చూసి, ఉందమ్మా అనేవారు. అప్పుడు గానీ వదినని ముందుకి పోనిచ్చేది కాదు. అది కోపంతో చేసేది కాదు, నన్ను ఎత్తిపొడవడానికీ కాదు. అలవాటైపోయింది. మందు సీసా మీద రాసింది చదివించుకున్నా, బస్సు బోర్డు అడిగినా, ఒకళ్ళు చెప్పాక ఇంకొకళ్ళని అడిగేది. ఆవిడకి ఆ అలవాటు చేసింది నేను. అంతకుముందు ప్రపంచంలో ఎవరేం చదివి చెప్పినా నమ్మి హాయిగా బతికిన మనిషి.

మరుసటి సంవత్సరం నాకు గుంటూరులో ఉద్యోగం వచ్చింది. రేపల్లె పాసింజర్ వదిలేసే రోజులు. అప్పటికి కొన్నాళ్ళుగా ఆపా రైల్లో కనిపించడం లేదు, బాపట్లలో అక్క దగ్గర ఉందని వదిన చెప్పింది. ఒక సాయంత్రం తెనాలి ప్లాట్‌ఫారం మీద ఎదురైంది. చిక్కిపోయింది. కొంగున సూది లేదు. అక్క పోయిందని చెప్పింది. ఆపా నా భుజం మీద చెయ్యేసి, "టీచరుగారూ, ఈసారి మొహం చూశానండి. పక్కనే ఉన్నాను" అంది.

ఆ మాట ఆవిడ నాకు ఎందుకు చెప్పిందో ఎన్నోసార్లు ఆలోచించాను. క్షమించానని చెప్పిందా? ఊరికే దుఃఖం పంచుకుందా? క్షమించి ఉంటే అమ్మాయ్ అని పిలిచేది కదా. మళ్ళీ ఆ రైలే ఎక్కి, ఆ పేజీయే నా చేతిలో ఉండి, ఆపా అలాగే చూస్తుంటే ఏం చేస్తానని కూడా నన్ను నేను అడుక్కున్నాను. తట్టింది అనే చదువుతానేమోనని నా భయం. ఆవిడ అక్క మొహం చూసింది కదా అని సర్దిచెప్పుకుంటాను. వెంటనే, మందు సీసా పట్టుకుని ఇద్దరిని అడుగుతున్న ఆపా కళ్ళముందు కనిపిస్తుంది. ఈ రెండూ కలిపి తూకం వెయ్యడం నాకు చేతకాలేదు. మాస్టారికైనా చేతనయ్యేది కాదేమో! ఆ సీరియల్ పుస్తకంగా రాలేదు. పాత పత్రికలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని చాలామందిని అడిగాను, దొరకలేదు. బోసురోడ్డు వెనక సందులో ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఆపా ఎక్కడుందో వదినకీ తెలియదు. ఆ పిల్లవాడు అమ్మా అన్నాడా అని ఆవిడ అడిగిన రోజు, ఉందని ఒట్టు పెట్టడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. నాకు తెలియదు ఆపా అని చెప్పే ధైర్యం రావడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది, ఈలోగా కాలం ఆవిణ్ణి నాకు కనబడకుండా తీసుకుపోయింది.